బొజ్జన్న చెల్లెలు పట్టిన తాడు

బొజ్జన్న పోయిన రోజు నుంచి భీమమ్మ పాడలేదు.

అది దూరదేశాల్లో పెద్ద యుద్ధం ముగిసిన ఏడు. కింద ఊళ్లలో మొదలైన విషజ్వరం దీపావళి నాటికి నల్లమల ఎక్కింది. అహోబిలం పైకొండల్లో ఉన్న ఆ చెంచు గూడెంలోకీ వచ్చింది. ఇరవై రెండు గుడిసెల్లో తొమ్మిదిమందిని తీసుకుపోయింది. వాళ్లలో ముసలివాళ్లు ఇద్దరే. మిగతా అందరూ చెట్టెక్కగలిగిన, కొండ దిగగలిగిన వయసువాళ్లు. భీమమ్మ కొడుకు బొజ్జన్న మూడు రోజుల జ్వరంతో, నాలుగో పొద్దు ఎక్కేలోపల కన్ను మూశాడు.

అంతకుముందు గూడెంలో ఏ పనికైనా భీమమ్మ గొంతు ముందుండాల్సిందే. బిడ్డ పుడితే ఆమె పాడాలి. కొత్తగా పెళ్లయినవాళ్లు గుడిసె వేసుకుంటే మొదటి గుంజ పాతేటప్పుడు ఆమె పాడాలి. పాటలన్నీ తన జేజి, అంటే నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. గూడెంలో మగపిల్లలు ఈడుకొస్తే ఆమె గుడిసె ముందు కూర్చుని నేర్చుకునేవాళ్లు.

ఆ పాటల్లో తేనె పాట వేరు. దాన్ని సరదాకు పాడరు. కొండ అంచున నారేపి చెట్టుకు రెండు చుట్లు తిప్పిన నార తాడు పట్టుకుని ఒకడు పైన నిలబడతాడు. ఇంకొకడు ఆ తాడు కొస నడుముకు కట్టుకుని, చేతిలో పొగకట్టతో, తాటిచెట్టంత లోతుకు దిగుతాడు. మధ్యలో బండ ఉబ్బి ఉంటుంది కాబట్టి పైవాడికి కిందివాడు కనపడడు. అందుకని పైవాడు పాటలో అడుగుతాడు, కిందివాడు పాటలో చెబుతాడు.

"బావా బావా, కాలెక్కడ పెట్టినావు?"

"రాతి పెదవి మీద పెట్టినా."

"అక్కలు లేచినారా, అలిగినారా?"

"లేచినారు, పక్కకు పోయినారు."

అక్కలంటే తేనెటీగలు. పాటలో వాటిని ఇంకో పేరుతో పిలవరు.

"పిల్లల గూడు విడిచినావా?"

"పిల్లల గూడు విడిచినా, తేనె గూడే కోసినా."

ఆ మాట కింద నుంచి వస్తేనే పైవాడు తాడు లాగుతాడు. పాటలో అట్లా ఉంది కాబట్టి ఆ కొండల్లో ఎవరూ ఈగపిల్లలున్న భాగం మీద కత్తి పెట్టలేదు. మరుసటి ఏడు ఈగలు మళ్లీ అదే బండకు వచ్చేవి. చివరికి పైవాడు అడుగుతాడు.

"తాడు పట్టింది ఎవరు?"

"నా ఇంటిదాని అన్న బొజ్జన్న."

"ఎందుకు పట్టినాడు?"

"చెల్లెలి పూసలు తెగకుండా పట్టినాడు."

భార్యకు అన్నో తమ్ముడో అయినవాడే తాడు పట్టాలి. చెల్లెలు ముండమోయడం ఏ అన్నా కోరుకోడు కదా. మారెన్న భీమమ్మకు సొంత మేనల్లుడు, ఆమె కూతురు ఓబులమ్మ మొగుడు. పెళ్లయిన నాటి నుంచి ఏడేళ్లు మారెన్న దిగితే పైన తాడు పట్టింది బొజ్జన్నే. ఒక్కసారి కూడా మారెన్న మోకాలు గీరుకుపోలేదు.

ఆ ఏడు వాన కూడా తప్పింది. గడ్డలు తవ్వితే బెత్తెడు వేరు తప్ప ఏమీ దొరకలేదు. చైత్రం వెళ్లేసరికి గూడెంలో పిల్లలు ఇప్పపూలు ఉడకబెట్టుకుని తింటున్నారు. తేనె తీసే కొండబండ గద్దరాయి మీద మాత్రం తేనెపట్లు చేటలంతేసి వేలాడుతున్నాయి. తేనె తీసి రుద్రవరం అంగడికి తీసుకుపోతే వానల దాకా సరిపడా జొన్నలు, కొర్రలు మార్చుకోవచ్చు. కానీ దిగడం తెలిసిన మగవాళ్లు ఐదుగురే మిగిలారు. వాళ్లలో నలుగురి బావమరుదులు జ్వరంలో పోయారు. జ్వరం నుంచి లేచిన ఐదోవాడికి ఇంకా కాళ్లు వణుకుతున్నాయి.

గూడెం పెద్ద గిడ్డయ్య అందరినీ మైసమ్మ రాయి దగ్గరికి పిలిచాడు. ఆయనకూ జ్వరంలో తమ్ముడు పోయాడు. నెత్తిన గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని, ఏం చేద్దామని అడిగాడు.

"నేను చెట్టుకే కట్టుకోని దిగుతా మామా," అన్నాడు మారెన్న. "చెట్టు వదల్దు గదా."

"చెట్టు వదల్దు. అడగను గూడా అడగదు. పొగలో నీకు తల తిరిగితే చెట్టుకేం తెలుస్తాదప్పా?" అన్నాడు గిడ్డయ్య.

మారెన్న ఈడువాడు మద్దిలేటి లేచాడు. అతని బావమరిది కూడా పోయాడు. "నేను పడతా మారెన్నకు. నాకు ఆయన పడతాడు."

"నువ్వు ఈనికి ఏమైతావు? తాడు పట్టింది ఎవరంటే ఈడు ఏమని చెప్తాడు?" గిడ్డయ్య గొంతులో కోపం లేదు. దిగులుంది. "మన తాతలు అడవిలో బతికింది ఆ మాటల మీదనే."

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఓబులమ్మ అంది: "నేను పడతా."

మగవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. తేనెకు దిగేటప్పుడు ఆడవాళ్లు అంచుకు రారు. దూరంగా చెట్ల కింద ఆకుదొన్నెలు కుట్టుకుంటూ కూర్చుంటారు.

"కూతురా," అన్నాడు గిడ్డయ్య, "ఆడబిడ్డ తాడు పట్టింది యాడన్నా ఉండాదా?"

"యాడా లేదు. ఒక్క నెలలో తొమ్మిదిమంది పోయింది గూడా యాడా లేదు మామా."

గిడ్డయ్య తల వంచుకున్నాడు. తర్వాత భీమమ్మ వైపు తిరిగాడు. "పాట నీ దగ్గర ఉండాది అక్కా. నువ్వు చెప్పు. నువ్వు కాదంటే కాదు, ఔనంటే ఔను."

భీమమ్మ కూతురి ముఖంలోకి చూసింది. చేతికర్ర మీద బరువు మోపి లేచి, గుడిసెలోకి వెళ్లిపోయింది.

మరుసటి రోజు పొద్దున ఓబులమ్మ వాగులో చెలమ తోడుతోంది. ఇసుకను చేతులతో మోచేతి లోతు తీస్తే గాని నీళ్లు ఊరడం లేదు. వెనక కర్ర చప్పుడు వినపడింది. భీమమ్మ వచ్చి బండ మీద కూర్చుంది.

"పాడు," అంది.

"ఏందమ్మా?"

"తేనె పాట. అన్న మాటలు నువ్వు చెప్పు. మారెన్న మాటలు నేను చెప్తా."

ఓబులమ్మ తడి చేతులు తుడుచుకోకుండానే మొదలుపెట్టింది. ఆ పాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. తల్లి అన్నకు నేర్పుతుంటే పక్కన కూర్చుని విన్నది. రెండో మాట దగ్గరే భీమమ్మ ఆపింది.

"ఆడ ఊపిరి తీసుకోవద్దు. నీ గొంతు తెగితే కిందోడు తాడు తెగిందనుకుంటాడు. మాట అయినంక తీసుకో."

మళ్లీ మొదలుపెట్టారు. భీమమ్మ పాడలేదు, మాటలు మాత్రం పలికింది. అయినా ఆమె నోట ఆ మాటలు వినడం ఓబులమ్మకు ఆరు నెలల తర్వాత ఇదే మొదలు. కాలు, చెయ్యి, అక్కలు, పిల్లల గూడు అన్నీ అయ్యాయి.

"తాడు పట్టింది ఎవరు?" అని పాడింది ఓబులమ్మ.

భీమమ్మ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మరో రెండుసార్లు ప్రయత్నించింది. తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొడుకును మట్టిలో పెట్టిన రోజు కూడా ఆమె అట్లా ఏడవలేదు. ఓబులమ్మ వచ్చి తల్లి మోకాళ్లు పట్టుకుని ఇసుకలో కూర్చుంది. చెలమలో నీళ్లు ఊరి, నిండి, పక్కలకు పారాయి. ఇద్దరూ చూసుకోలేదు.

చాలాసేపటికి భీమమ్మ ముఖం తుడుచుకుంది.

"ఈ పాటలో బావమరిది మొదటినుంచీ లేడు," అంది.

"అదేందమ్మా?"

"మా జేజి చెప్పింది నాకు. శానా పాత కాలంలో ఎవరన్నా తాడు పడతాండిరంట. ఒకాయమ్మ మొగుడు తేనెకు దిగితే, పైనోడు పగబట్టి తాడు కోసినాడు. దినాల నాడు ఆయమ్మ మైసమ్మ ముందర నిలబడి, ఇంకమీద అన్నదమ్ములే తాడు పట్టాలని పాటలో కలిపి పాడింది. పూసల మాట ఆయమ్మదే. గూడెం ఆ మాట పట్టుకున్నాది. అప్పటినుంచి అట్లనే నడుస్తాండాది."

"గిడ్డయ్య మామకు తెలుసా?"

"మగోళ్లకు పాట వరకే నేర్పుతాం." భీమమ్మ కొద్దిగా నవ్వినట్టయింది. వెంటనే ముఖం మళ్లీ గంభీరమైంది. "నువ్వు మారెన్నను ఏమని పిలుస్తావు?"

"బావా అని."

"మీ అన్న ఏమని పిలుస్తాండె?"

"బావా అనే."

"పాట అడుగుతాండేది ఆ పిలుపునే. అది నీ నోట్లో గూడా ఉండాది." ఆమె వాగు వైపు చూస్తూ చెప్పింది. "ఆయమ్మ మొగుణ్ణి పోగొట్టుకోని ఒక మాట కలిపింది. నేను కొడుకును పోగొట్టుకోని ఒక మాట కలుపుతా. కానీ వాని పేరు తియ్యను ఓబులమ్మా. తీయలేను."

"తీయొద్దమ్మా. అన్న ఉండనీ."

ఆ రోజు సాయంత్రం గూడెమంతా మైసమ్మ రాయి దగ్గర చేరింది. భీమమ్మ కొత్త మాటలు చెప్పింది. పాడే గొంతు ఇంకా రాలేదు కాబట్టి మామూలుగానే చెప్పింది. 'తాడు పట్టింది ఎవరు?' 'బొజ్జన్న చెల్లెలు ఓబులమ్మ.' 'ఎందుకు పట్టింది?' 'అన్న పట్టిన తాడు జారకుండా పట్టింది.'

గిడ్డయ్య రెండోసారి చెప్పమన్నాడు. విని, కళ్లు మూసుకుని తనలో తాను అనుకున్నాడు.

"బొజ్జన్న పేరు ఉండాది," అన్నాడు చివరికి. "పూసలు తెగకుండా అంటే ఏమో, జారకుండా అంటే ఏమో, రెండూ ఒకటే. పాట తెగలేదు." ఓబులమ్మ వైపు తిరిగాడు. "నీ చేతుల్లో బలం మీ అన్నంత ఉండదు కూతురా. చెట్టుకు ఇంకో చుట్టు వేసుకో. లాగేదానికి నేను, మద్దిలేటి నీ వెనకాల ఉంటాం. కానీ లాగమనే మాట నీదే."

నాలుగో రోజు పొద్దున గద్దరాయి ఎక్కారు. భీమమ్మ మిగతా ఆడవాళ్లతో దూరంగా చెట్ల కింద కూర్చుంది. మారెన్న మైసమ్మకు మొక్కి, తాడు నడుముకు బిగించుకుని, ఎప్పుడూ బావమరిదితో అన్నట్టే పెళ్లాంతోనూ అన్నాడు: "పోయొస్తా."

"పో బావా."

అతని తల అంచు కిందకు మాయమైంది. మూడు చుట్ల తాడు చెట్టు బెరడును రాసుకుంటూ కొంచెం కొంచెంగా జారుతోంది. ఓబులమ్మ పాడటం మొదలుపెట్టింది. కింద నుంచి "రాతి పెదవి మీద పెట్టినా" అని వచ్చింది. పచ్చాకు పొగ అంచు మీదుగా పైకి లేచింది. ఈగలు లేచిన హోరు బండంతా పాకింది.

"అక్కలు లేచినారా, అలిగినారా?"

"లేచినారు, పక్కకు పోయినారు."

ఓబులమ్మ కొంతసేపు ఆగింది. పట్టు కోసి బుట్టలోకి జార్చేందుకు పట్టేంత సేపు. అప్పటిదాకా అంచు మీదుగా లేస్తున్న పొగ ఎందుకో పైకి రావడం మానేసింది.

"పిల్లల గూడు విడిచినావా?"

"లేచినారు, పక్కకు పోయినారు."

అది ముందు ప్రశ్నకు జవాబని ఓబులమ్మకు తెలిసింది. మళ్లీ పాడింది. "పిల్లల గూడు విడిచినావా?"

"లేచినారు... పక్కకు పోయినారు." గొంతు బలంగానే ఉంది. రాగం తప్పలేదు.

"లాగండి!" అంది ఓబులమ్మ.

మద్దిలేటి తటపటాయించాడు. "పలుకుతాండాడు గదా. ఇంకోసారి అడుగు."

"పలుకుతాండాడు, వినడంలేదు!"

"విడిచినా అనే మాట రాలేదు కూతురా, అది రాకుండా మనం..." గిడ్డయ్య మాట పూర్తి కాలేదు.

"లాగు మామా!"

ముగ్గురూ లాగారు. నార ఓబులమ్మ అరచేతులను కోసింది. ఆమె ప్రతి గుంజుకూ "బావా" అని పిలుస్తూనే ఉంది. అంచు మీదకు మారెన్న చెయ్యి రాలేదు, ముందు తల వచ్చింది. కళ్లు తేలేసి ఉన్నాడు. మెడ మీద, చెవుల మీద ఈగలు కుట్టి వాచాయి. పెదవులు ఇంకా అవే మాటలు పలుకుతున్నాయి. గాలి తిరిగి పొగంతా బండ తొర్రలో నిలిచిపోయింది. ఇంకో పది గుక్కలు అదే పొగ పీల్చి ఉంటే ఆ గొంతు కూడా ఆగిపోయేది.

చెట్ల కిందకు మోసుకుపోయి నీళ్లు చల్లారు. ఆకు పసరు రాశారు. భీమమ్మ అల్లుడి తల ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క ముల్లూ గోటితో తీసింది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు మారెన్న కళ్లు తెరిచాడు. ముందుగా పెళ్లాం కోసం వెతికాడు.

"విడిచినా," అన్నాడు. "పిల్లల గూడు విడిచినా, ఓబులమ్మా."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్లు తుడుచుకున్నారు. మద్దిలేటి తన తటపటాయింపుకు సిగ్గుపడి, లేచి దూరంగా పోయి నిలబడ్డాడు.

మారెన్న బుట్ట తెమ్మన్నాడు. అందులో ఒక పట్టులో సగమే ఉంది. తేనెకు దిగినవాడు పైకి వచ్చాక మొదటి ముక్క తాడు పట్టినవాడి చేతిలో పెట్టి, ఆ చెయ్యి తన కళ్లకద్దుకోవాలి. ఏడేళ్లు బొజ్జన్న చెయ్యి అద్దుకున్నాడు. ఇప్పుడు నెత్తురు చారలు పడిన ఓబులమ్మ చేతిలో ముక్క పెట్టి, ఆ చెయ్యి కళ్లకు ఆనించుకుని అట్లాగే ఉండిపోయాడు.

"నువ్వు రెండోసారి అడిగింది నాకు తెలీదు," అన్నాడు. "మొదటిది గూడా సరిగా తెలీదు. యాడనో మీ అన్న పిలుస్తాండాడు అనుకున్నా."

ఓబులమ్మ, పాట మాటలు తన చెవిలో పడేటట్టు ఏళ్ల తరబడి గుడిసె ముందు పాడిన అన్నను తలుచుకుంది. నేర్చుకుంటూ తప్పులు చేసి అమ్మ చేత తిట్లు తిన్న అన్న. తనకోసమే నేర్చుకున్నట్టు అనిపించింది. ముక్కలో కొంత నేల మీద పెట్టి, "తిను అన్నా," అంది.

అప్పుడు భీమమ్మ పాట ఎత్తుకుంది. తేనె పాటకు చివర ఒక భాగం ఉంది. అది ఈగలకు చెప్పే మాట. ఆ పొద్దు దాని సంగతి అందరూ మరిచిపోయారు. ఆమె మరువలేదు.

"అక్కలారా, ఇచ్చినారు తిన్నాము. అలగలేదు, బతికినాము. మా పిల్లలు పెరిగినప్పుడు మీ పిల్లల పేరు చెప్తాము. మళ్లా రండి, ఇదే బండ, ఇదే నీడ."

గొంతు బొంగురుపోయి ఉంది, మధ్యలో పగిలింది. ఆమె ఆపలేదు. గూడెమంతా అందుకుంది. గిడ్డయ్య నెత్తిన గుడ్డ తీసి రెండు చేతుల్తో పట్టుకుని పాడాడు.

మారెన్న వాపులు తగ్గాక మళ్లీ దిగాడు. ఈసారి గాలి నిలిచే తొర్ర జోలికి పోలేదు. వారం తిరక్కుండా మద్దిలేటి పెళ్లాం గిడ్డమ్మ భీమమ్మ దగ్గరికి వచ్చి, "నాకు గూడా నేర్పు అత్తా, మా తమ్ముని పేరు పెట్టి," అంది. ఆ ఎండాకాలం పాటలోకి ఇంకా ముగ్గురు చెల్లెళ్లు, అక్కలు వచ్చారు. ప్రతి ఒక్కరితోపాటు పోయిన ఒక తోబుట్టువు పేరు కూడా వచ్చింది. గూడెంలో చనిపోయినవాళ్ల పేర్లు పలకడానికి అందాకా అందరూ భయపడేవాళ్లు. పాట వల్ల ఆ భయం పోయింది.

రుద్రవరం నుంచి జొన్నలు వచ్చాయి. వానలు పడేదాకా ఏ గుడిసెలోనూ పొయ్యి ఆరలేదు. తొలి తేనెలో ఒక దొన్నె ఎగువ అహోబిలం తీసుకుపోవడం వాళ్ల ఆచారం. చెంచుపిల్లను పెళ్లాడిన స్వామి వాళ్లకు ఇంటి అల్లుడు. ఆ ఏడు భీమమ్మ, ఓబులమ్మ కలిసి తీసుకుపోయారు. గుడి బయట నిలబడి భీమమ్మ అల్లుడితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఒక అల్లుణ్ణి మిగిల్చినావు. నీ కడుపు చల్లగుండ. కొడుకు సంగతి ఇంకోసారి అడుగుతా, ఈ పొద్దు కాదు." అంతే చెప్పి దొన్నె పెట్టి వచ్చేసింది.

భీమమ్మ తర్వాత పదకొండేళ్లు బతికింది. పాట ఓబులమ్మకు వచ్చింది. పెళ్లిళ్లలో తేనె తాడు కొస పెళ్లికూతురి అన్నదమ్ముల చేతికి తాకించడం ఆచారం. ఇప్పుడు పెళ్లికూతురి చేతికి కూడా తాకిస్తున్నారు. ఎప్పుడు మొదలైందో ఎవరూ తేదీ పెట్టుకోలేదు.

రెండో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఓబులమ్మ తల నెరిశాక, మారెన్నతో కలిసి ఆత్మకూరు వైపు అడవిలో ఒక గూడేనికి పెళ్లికి వెళ్లింది. ఆ గూడెంవాళ్లకు వీళ్లిద్దరూ ఎవరో తెలియదు. పెళ్లికొడుకు గిడ్డయ్య మనవడు. పెళ్లికూతురు తాడు కొస పట్టుకుని తేనె పాట పాడింది. "తాడు పట్టింది ఎవరు?" దగ్గరికి వచ్చేసరికి అందరూ గొంతు కలిపారు.

"బొజ్జన్న చెల్లెలు ఓబులమ్మ!"

మారెన్న ఉలిక్కిపడి పెళ్లాం వైపు చూశాడు. ఓబులమ్మ అతని చెయ్యి నొక్కి మాట్లాడవద్దన్నట్టు తల ఊపింది. పాట అయ్యాక పక్కన కూర్చున్న పడుచుపిల్లను అడిగింది.

"ఓబులమ్మ అంటే ఎవరు పాపా?"

"దేవతంట అవ్వా. మైసమ్మకు చెల్లెలంట. కొండ మీద తాడు పట్టుకోని నిలబడి ఉంటాదంట."

ఓబులమ్మకు నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, పిల్ల నెత్తిన చెయ్యి వేసింది.

"అట్లనే అనుకోండి. మంచిదే," అంది. "ఆ బొజ్జన్న మాత్రం మనిషే. నాకు తెలుసు."

"నీకెట్ల తెలుసు అవ్వా? ఎట్లుంటాండె?"

ఓబులమ్మ పిల్లను ఇంకొంచెం దగ్గరికి రమ్మని, తమ ఇద్దరి మధ్య నేల మీద నుంచి చేత్తో ఎత్తు కొలిచి చూపించింది. "ఇంత పిల్లోడుగా ఉన్నప్పుడు పాట నేర్చుకోమంటే చెట్టెక్కి దాక్కునేవాడు. మా అమ్మ కింద నిలబడి తిట్టేది..." అని చెప్పడం మొదలుపెట్టింది. మారెన్న కూడా జరిగి కూర్చున్నాడు.